డబ్బా మీద ఏడు వేలు, ఇంటికొచ్చాక ఎంత?

మా కింది వాటాలో ఉండే అమ్మాయి ఒక ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్ పట్టుకుని పైకొచ్చింది. "అంకుల్, దీన్ని ఆన్ చేసి పొయ్యి మీద పాలు పెట్టాను. పాలు పొంగాయి గానీ ఇది ఇంకా తెరుచుకోలేదు" అంది. వాళ్ల అన్నయ్య 2018లో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది, ఇప్పుడు ఈమె చేతికొచ్చింది. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. దుకాణంలో చూపిస్తే "పాతబడిపోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అన్నారట.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కాం. విండోస్‌లో అలా నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ఏ భాగం ఎంత కష్టపడుతోందో చూపించే పట్టిక అది. ప్రాసెసర్ 9 శాతం. ర్యామ్ సగానికి కాస్త పైన. డిస్క్ మాత్రం 100 శాతం. విచిత్రం ఏమిటంటే, ఊపిరి సలపకుండా పనిచేస్తున్న ఆ డిస్క్ ఆ క్షణంలో అందిస్తున్నది సెకనుకు ఒక్క ఎంబీ కూడా లేదు. సెకనుకు 100 ఎంబీ ఇవ్వగల డిస్క్ అది. నూటికి నూరు శాతం పని, నూటికి ఒక శాతం ఫలితం! ఈ చిక్కుముడి విప్పుకుంటే, స్టోరేజ్ గురించి కొనేవాళ్లు తెలుసుకోవలసినదంతా తెలిసిపోయినట్టే.

ముందు ఎవరి పని ఏమిటో చూద్దాం. వంటింటి భాషలో చెప్పాలంటే ప్రాసెసర్ వంట చేసే మనిషి. ర్యామ్ పొయ్యి పక్కనున్న గట్టు: ఆ పూటకు కావలసినవి దాని మీద ఉంటాయి, కరెంటు పోతే ఖాళీ. స్టోరేజ్, అంటే మన ఫైళ్లూ విండోసూ శాశ్వతంగా ఉండే డ్రైవ్, వెనకాల కొట్టుగది. ఆన్ చేసినప్పుడల్లా గట్టు ఖాళీగానే ఉంటుంది కాబట్టి ప్రతిదీ కొట్టుగది నుంచి మోసుకురావాలి. వంటమనిషి ఎంత చురుకైనా, సరుకు రాకపోతే చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ 9 శాతానికి అర్థం అదే.

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు తిరుగుతుంటాయి. వాటి మీద సమాచారం వరసలు వరసలుగా రాసి ఉంటుంది. ఒక సన్నటి లోహపు చేయి వరస నుంచి వరసకు కదులుతూ చదువుతుంది. ల్యాప్‌టాప్ డిస్కుల్లో ఎక్కువ భాగం నిమిషానికి 5,400 చుట్లు తిరిగేవే. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఒక ఫైలు ముక్క కావాలంటే ఆ చేయి సరైన వరసకు చేరడానికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చేయి కిందికి తిరిగొచ్చేదాకా సగటున అర చుట్టు, అంటే ఇంకో అయిదున్నర. మొత్తం పదిహేను మిల్లీసెకన్లు అనుకుందాం.

పదిహేను మిల్లీసెకన్లు వినడానికి చాలా తక్కువ. కానీ సెకనుకు అలాంటి వెతుకులాటలు 66 మాత్రమే పడతాయి. విండోస్ లేచేటప్పుడు అడిగేవి పెద్ద పెద్ద ఫైళ్లు కావు. వేలకొద్దీ చిన్న ముక్కలు, డిస్క్ మీద అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటాయి. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే, 66 ముక్కలకు వచ్చేది 264 కేబీ. అంటే పావు ఎంబీ. టాస్క్ మేనేజర్‌లో కనపడ్డ వింత అంకె వెనక కథ ఇదే.

కిరాణా కొట్టుకు వెళ్లి "50 కిలోల బియ్యం బస్తా ఇవ్వండి" అంటే కుర్రాడు ఒక్క నిమిషంలో భుజాన వేసుకొచ్చి పడేస్తాడు. అదే జీలకర్ర 50 గ్రాములు, ఇంగువ ఒక డబ్బీ, అగ్గిపెట్టెలు రెండు అంటూ అరవై రకాల చీటీ ఇస్తే? బరువు మొత్తం అయిదు కిలోలు కాకపోయినా అరగంట పడుతుంది. మోత కాదు అసలు శ్రమ, వెతుకులాట. డబ్బా మీద వేసే అంకె బస్తా వేగం. మనం రోజూ అనుభవించేది చీటీ వేగం. దుకాణాల్లో, ప్రకటనల్లో కనపడేది ఎప్పుడూ మొదటిదే.

ఇక్కడ చిన్న పక్కదారి. 1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన రామాక్ మొదటి హార్డ్ డిస్క్. 24 అంగుళాల పళ్లేలు 50, నిమిషానికి 1,200 చుట్లు, పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఈ అమ్మాయి ల్యాప్‌టాప్‌లోని 1 టీబీ డిస్క్‌లో లక్ష కోట్ల అక్షరాలు పడతాయి. అంటే నిల్వ రెండు లక్షల రెట్లు పెరిగింది. తిరిగే వేగం పెరిగింది ఎంత? నాలుగున్నర రెట్లు. కొట్టుగది ఊరంత అయింది గానీ అందులో తిరిగే కుర్రాడి కాళ్లు దాదాపు పాతవే.

ఎస్‌ఎస్‌డీ వచ్చి తీసేసింది ఆ కాళ్లనే. దాంట్లో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. పెన్ డ్రైవ్‌లో, ఫోన్‌లో ఉండే ఫ్లాష్ చిప్పులే ఉంటాయి. జపాన్‌లో తోషిబా ఇంజినీరు ఫుజియో మసుఒకా బృందం 1987లో వెల్లడించిన నాండ్ ఫ్లాష్ అనే పద్ధతి వీటికి మూలం. ఏ మూలనున్న ముక్కనైనా తీయడానికి పట్టేది మిల్లీసెకనులో పదో వంతు. అంటే సెకనుకు 66 చోట పది వేలు. నూట యాభై రెట్లు.

ఈ మిల్లీసెకన్లు మన అనుభవంలోకి రావాలంటే కాలాన్ని సాగదీసి చూడాలి. ర్యామ్‌లోంచి ఒక ముక్క తీయడానికి పట్టే సమయం, సెకనులో కోటో వంతు, మనకు ఒక సెకను అనుకుందాం. పోపుల పెట్టెలోంచి ఆవాలు తీసినంత. ఆ లెక్కన ఎస్‌ఎస్‌డీలోంచి తేవడానికి దాదాపు 17 నిమిషాలు: వీధి చివర కొట్టుకు నడిచి వెళ్లి ఆవాలు కొనుక్కొచ్చినంత. హార్డ్ డిస్క్ నుంచి తేవాలంటే? దాదాపు 42 గంటలు. రాత్రి రైలుకు సికింద్రాబాద్‌లో ఎక్కి విశాఖ వెళ్లి, పగలంతా అక్కడుండి, మళ్లీ రాత్రి రైలుకు తిరిగొచ్చి, స్నానం చేసి అప్పుడు పోపు వేసినట్టు.

సరే, ఎస్‌ఎస్‌డీ మంచిదని ఒప్పుకున్నాం. దుకాణానికి వెళ్తే అక్కడ రెండు రకాలు చూపిస్తారు. ఒకటి సాటా. ఇది పాత హార్డ్ డిస్కులకు వేసిన దారిలోనే నడుస్తుంది, ఆ దారి పట్టగలిగేది సెకనుకు 600 ఎంబీ కాబట్టి డబ్బా మీద 550 అని ఉంటుంది. రెండోది ఎన్‌వీఎంఈ. ఇది ప్రాసెసర్‌కు నేరుగా వేసిన వెడల్పాటి రోడ్డు మీద నడుస్తుంది. మూడో తరానివి 3,500, నాలుగో తరానివి 7,000, అయిదో తరానివి 14,000 దాకా చూపిస్తాయి. 550 ఎక్కడ, 7,000 ఎక్కడ! పదమూడు రెట్లు కదా, ల్యాప్‌టాప్ కూడా పదమూడు రెట్లు చురుగ్గా ఉంటుందేమో అనిపించడం సహజం.

ఉండదు. అవన్నీ మళ్లీ బస్తా వేగాలే. చీటీ వేగం దగ్గరకొస్తే, 4 కేబీ ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి అడిగినప్పుడు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 40 ఎంబీ ఇస్తుంది. మామూలు ఎన్‌వీఎంఈ 60, 70 ఎంబీ. మన సాగదీసిన కాలంలో చెప్పాలంటే 17 నిమిషాల నడక పది నిమిషాలకు తగ్గింది. మంచిదే. కానీ విశాఖ ప్రయాణం తప్పిన దాని ముందు ఇదో లెక్క కాదు.

"మరి ఎన్‌వీఎంఈ ఒకేసారి వేల పనులు చేస్తుందంటారే?" అని మీరు అడగొచ్చు. నిజమే. సాటా పద్ధతిలో బ్యాంకులో ఒకే కౌంటర్, దాని ముందు వరసలో 32 మంది దాకా నిలబడొచ్చు. ఎన్‌వీఎంఈలో కౌంటర్లు దాదాపు 65 వేలు, ఒక్కో దాని ముందు దాదాపు అంతమంది. పెద్ద పెద్ద సర్వర్లలో ఇది బతుకు మార్చేసే తేడా. ఇంట్లో ల్యాప్‌టాప్ దగ్గర మాత్రం ఏ క్షణంలో చూసినా వరసలో ఉండేది ఒకరో ఇద్దరో. ఖాళీ బ్యాంకులో కౌంటర్లు ఎన్ని తెరిస్తే మనకేం?

ఇదంతా ఒక చిన్న లెక్కలో పెట్టి చూద్దాం. అంకెలు అర్థం కావడానికి వేసుకున్న ఊహే, ఏ ఒక్క ల్యాప్‌టాప్‌నో కొలిచింది కాదు. ఆన్ చేసిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకునే దాకా పది వేల చిన్న ముక్కలు చదవాలి, పెద్ద ఫైళ్లు ఇంకో 1 జీబీ చదవాలి, ప్రాసెసర్ సొంత పని 15 సెకన్లు ఉంది అనుకోండి. హార్డ్ డిస్క్‌తో: ముక్కలకు 150 సెకన్లు, పెద్ద ఫైళ్లకు 10, ప్రాసెసర్‌కు 15. మొత్తం 175 సెకన్లు, దాదాపు మూడు నిమిషాలు. పాలు పొంగే టైమే. సాటా ఎస్‌ఎస్‌డీతో: ముక్కలకు 1, ఫైళ్లకు 2, ప్రాసెసర్‌కు అదే 15. మొత్తం 18. మూడో తరం ఎన్‌వీఎంఈతో మొత్తం 16కు కాస్త లోపు. నాలుగో తరంతో దాంట్లో ఇంకో పావు సెకను కూడా తగ్గదు.

ఆ 15 సెకన్లు చూడండి, నాలుగు లెక్కల్లోనూ కదలకుండా కూర్చుంది. డ్రైవ్ ఎంత వేగమైనదైనా ప్రాసెసర్ చేయాల్సిన పనిని అది చేయలేదు. అందుకే మొదటి మార్పుకు ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు, రెండో మార్పు చేతి గడియారం పెట్టుకుని చూస్తే తప్ప తెలియదు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా డబ్బు వృథా కాదు. పనిచేస్తున్న ఎస్‌ఎస్‌డీ నుంచి ఇంకా పెద్ద అంకె ఉన్న ఎస్‌ఎస్‌డీకి మారడం చాలామందికి వృథా.

చాలామందికి అన్నాను, అందరికీ కాదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లవి అచ్చమైన బస్తాలు. ఒక పెళ్లి వీడియో 60 జీబీ అనుకుందాం. డ్రైవ్ వేగం ఒక్కటే లెక్కిస్తే దాన్ని చదవడానికి హార్డ్ డిస్క్‌కు పది నిమిషాలు, సాటా ఎస్‌ఎస్‌డీకి రెండు నిమిషాల లోపు, మూడో తరం ఎన్‌వీఎంఈకి 17 సెకన్లు. రోజుకు ఇరవై సార్లు ఆ పని చేసేవాళ్లకు ఈ తేడా కూలి డబ్బులే.

అయితే ఒక షరతు. కాపీ చేసేటప్పుడు అటూ ఇటూ రెండూ వేగంగా ఉండాలి. కెమెరా అబ్బాయి ఇచ్చిన బయటి హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ ఇచ్చేదైతే, మీ ల్యాప్‌టాప్‌లో 7,000 వేగమున్న డ్రైవ్ ఉన్నా పది నిమిషాలకు ఒక్క క్షణం తగ్గదు. జోడెడ్లలో నెమ్మదైన ఎద్దు నడకే బండి నడక.

ఇక డబ్బా మీద చిన్న అక్షరాల్లో కూడా ఉండని విషయం ఒకటుంది. కాస్త ఓపికగా వినండి. ఫ్లాష్ చిప్పులో సమాచారం దాచే అతి చిన్న గదిని సెల్ అంటారు. దాన్ని ఒక గాజు గ్లాసు అనుకోండి. గ్లాసు ఖాళీ, గ్లాసు నిండు అని రెండే గుర్తులు పెట్టుకుంటే నింపడం తేలిక, చూసి చెప్పడం తేలిక. కానీ ఒక్కో గ్లాసులో దాగేది ఒక్క బిట్టే, అంటే అవును, కాదుల్లో ఒకటి. చవగ్గా ఎక్కువ దాచాలని అదే గ్లాసు మీద ఎనిమిది గీతలు గీశారు. అది టీఎల్‌సీ, గ్లాసుకు మూడు బిట్లు. పదహారు గీతలు గీస్తే క్యూఎల్‌సీ, నాలుగు బిట్లు. పదహారు గీతల గ్లాసులో సరిగ్గా పదకొండో గీత దాకా నీళ్లు పోయాలంటే బొట్టు బొట్టుగా పోయాలి. అందుకే క్యూఎల్‌సీ రాసేటప్పుడు నెమ్మది, అరుగుదల కూడా ఎక్కువ.

ఈ నెమ్మది కనపడకుండా కంపెనీలు ఒక ఉపాయం చేస్తాయి. కొన్ని గ్లాసులను విడిగా పెట్టి, వాటిని ఖాళీ, నిండు పద్ధతిలో చకచకా నింపుతాయి. ఆ తర్వాత తీరుబడిగా పదహారు గీతల గ్లాసుల్లోకి మారుస్తాయి. ఇంటికి చుట్టాలొస్తే ముందు గదిలో అన్నీ కుప్పపోసి, వాళ్లు వెళ్లాక సర్దుకున్నట్టు. ముందు గది నిండిపోతే గుట్టు బయటపడుతుంది. శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీ డ్రైవ్ వివరాల పత్రంలో ఆ కంపెనీయే ఈ సంగతి నిజాయితీగా రాసింది: ముందు గది 42 జీబీ, అది నిండేదాకా సెకనుకు 530 ఎంబీ. అది నిండాక 80 ఎంబీ. మామూలు హార్డ్ డిస్క్ కంటే తక్కువ!

దాంట్లోకి ఒకే ఊపున 100 జీబీ కాపీ చేస్తే? మొదటి 42 జీబీకి 80 సెకన్లు. మిగతా 58 జీబీకి 12 నిమిషాలు. ఇంట్లో ఎవరూ రోజూ ఒకే ఊపున వంద జీబీ రాయరు కాబట్టి, చదువుకునే పిల్లల ల్యాప్‌టాప్‌కు క్యూఎల్‌సీ సరిపోతుంది. రెండింటి ధరలో తేడా కొద్దిగానే ఉంటే మాత్రం టీఎల్‌సీ తీసుకోండి. ఇంకో మాట: ఆ ముందు గది చాలా డ్రైవుల్లో ఖాళీ స్థలంలోంచే పుట్టుకొస్తుంది. డ్రైవ్‌ను మెడ దాకా నింపేస్తే ముందు గది కుంచించుకుపోతుంది. అయిదో వంతు ఖాళీగా ఉంచడం నా అలవాటు.

అంకె ఒకటే అయినా లోపల సరుకు వేరుగా ఉండొచ్చనడానికి 2022 నాటి ఆపిల్ ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ మంచి ఉదాహరణ. 256 జీబీ రకంలో, అంతకు ముందు ఎం1 మోడల్‌లో 128 జీబీ చిప్పులు రెండు ఉండేవి. ఎం2లో 256 జీబీ చిప్పు ఒక్కటే పెట్టారు. పంక్తిలో ఇద్దరు వడ్డించే చోట ఒక్కరే మిగిలారన్నమాట. కొలిచినవాళ్లకు చదివే వేగం దాదాపు సగానికి పడిపోయి కనిపించింది. కొత్త మోడల్, పాతదానికంటే నెమ్మది డ్రైవ్. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్‌లో మళ్లీ రెండు చిప్పులకు వచ్చారు. ఏ కంపెనీ ల్యాప్‌టాప్ అయినా అతి తక్కువ నిల్వ ఉన్న రకం కొనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అలాగని ఎం2 ఎయిర్‌తో పాఠాలు వినే పిల్లకు తేడా తెలిసిందా అంటే, పైన వేసిన చీటీ లెక్క ప్రకారం పెద్దగా తెలియదు.

చవక ల్యాప్‌టాప్‌లలో ఈఎంఎంసీ అని కనపడితే మాత్రం ఆగండి. ఫోన్ల కోసం పుట్టిన నిల్వ అది. సాటా ఎస్‌ఎస్‌డీ కంటే నెమ్మది. అంతకంటే పెద్ద చిక్కు, బోర్డుకు అతికించేసి ఉంటుంది, రేపు మార్చుకోలేరు. విండోస్ 11కు కనీసం 64 జీబీ నిల్వ కావాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. సరిగ్గా 64 జీబీ ఈఎంఎంసీతో వచ్చే ల్యాప్‌టాప్ మొదటి రోజు నుంచే ఇరుకిరుకుగా ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ రాసిన కొద్దీ అరిగిపోతుందట కదా అని మా బావగారు ఇప్పటికీ భయపడతారు. అరిగేది నిజం. ఎంతకు అరుగుతుందో కంపెనీలే చెబుతాయి, దాన్ని టీబీడబ్ల్యూ అంటారు: వారంటీ కాలంలో మొత్తం ఎన్ని టీబీలు రాసుకోవచ్చో ఆ లెక్క. శాంసంగ్ 870 ఈవీఓ 500 జీబీకి అది 300. ఇంట్లో వాడే మనిషి రోజుకు 20 జీబీ రాశాడనుకున్నా, అదే ఎక్కువ, ఏడాదికి 7.3 టీబీ. 300 టీబీ రాయడానికి 41 ఏళ్లు పడుతుంది. తక్కువ ధరలో దొరికే క్రూషియల్ పీ3 500 జీబీకి 110 టీబీడబ్ల్యూ, అంటే 15 ఏళ్లు. ల్యాప్‌టాప్ కీలు విరిగేది, బ్యాటరీ ఉబ్బేది దానికంటే ముందే. మా బావగారికి ఇది చెప్పినప్పుడల్లా తల ఊపుతారు, మళ్లీ అడుగుతారు.

ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ వేయాలా? రెండిట్లో ఒకటే కుదిరితే, హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌కు ముందు ఎస్‌ఎస్‌డీ. గట్టు మీద చోటు చాలనప్పుడు విండోస్ కొన్ని సామాన్లను కొట్టుగదిలోకి తోసి, కావాలన్నప్పుడు మళ్లీ తెస్తుంది. కొట్టుగది విశాఖలో ఉన్నప్పుడు ఆ రాకపోకలు నరకం, వీధి చివర ఉన్నప్పుడు ఓర్చుకోవచ్చు. ర్యామ్ 4 జీబీయే అయితే దాన్ని కూడా 8 చేయించండి. ఎస్‌ఎస్‌డీ వేసేశాక, 3,500 డ్రైవ్‌ను 7,000 డ్రైవ్‌తో మార్చడానికి దాచిన డబ్బు ఉంటే అది ర్యామ్ మీద పెట్టండి.

అంకెల్లో ఇంకో చిక్కు కూడా ఉంది: 512 జీబీ కొంటే ల్యాప్‌టాప్ 476 అని చూపిస్తుంది. దుకాణదారు మోసం చేయలేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1,024 చొప్పున. 1 టీబీ 931గా కనపడేదీ ఇందుకే.

ఇప్పుడు నేను చేసిన తప్పు. కొన్నేళ్ల కింద నా పాత ల్యాప్‌టాప్‌కు ఎం.2 రకం డ్రైవ్ పట్టే అర ఉందని చూసి, సంబరంగా ఎన్‌వీఎంఈ కొనుక్కొచ్చాను. ఎం.2 అంటే చూయింగ్ గమ్ బిళ్లలా సన్నగా, పొడుగ్గా ఉండే ఆకారం. మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. అరలో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా పడింది, ల్యాప్‌టాప్ మాత్రం దాన్ని గుర్తించలేదు. ఆ అరకు సాటా దారి మాత్రమే ఉందట. అడిగి మరీ కొన్నాను, అమ్మినతను "అన్నిటికీ పడుతుంది సార్" అన్నాడు. ఆకారం వేరు, దారి వేరు. మీ మోడల్ నంబరు వేసి కంపెనీ సర్వీస్ పుస్తకంలో ఆ అరకు ఎన్‌వీఎంఈ పడుతుందో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వండి.

అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఆ గొడవ లేదు. రెండున్నర అంగుళాల సాటా డిస్క్ ఉన్న చోటే అదే కొలతలో 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి తెచ్చుకున్నాం. పాత డిస్క్ మొత్తాన్ని క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అచ్చుగుద్దినట్టు దించుకోవాలంటే కొత్తది కనీసం పాతదంత ఉండాలి, మేం తెచ్చింది సగమే. పైగా పాత చెత్త కూడా వెంట వస్తుందని ఇంటికొచ్చి విండోస్ 11 కొత్తగానే ఎక్కించాం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఎనిమిదో తరం ఐ5కు 11 పడుతుంది కాబట్టి అదీ ఒక పని అయిపోయింది. మీ డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే, ఏదైనా విప్పే ముందు దాని రికవరీ కీ రాసిపెట్టుకోండి. ఇది మరిచిపోయి ఏడ్చినవాళ్లను చూశాను.

విప్పడానికి చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. అడుగున పదకొండు స్క్రూలు వచ్చాయి. అన్నీ ఒకే పొడవు కావు, ఏది ఎక్కడిదో కలిసిపోకుండా అమ్మాయి ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఆయా చోట్ల స్క్రూలను టేపుతో అంటించింది. నాకు ఎప్పుడూ తట్టని ఉపాయం. ముందు బ్యాటరీ వైరు ఊడదీశాం. పాత డిస్క్ చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది, ఎస్‌ఎస్‌డీ దానిలో సగం కూడా లేదు, లోపల ఏమీ లేనట్టుంది. వెనక్కి బిగించి, విండోస్ ఎక్కించాక ఆన్ చేస్తే, ఇరవై సెకన్ల దరిదాపుల్లో పాస్‌వర్డ్ దాటి బ్రౌజర్ దాకా వచ్చేసింది. చప్పుడు లేదు. డిస్క్ గరగరలాడడం అలవాటైన చెవికి కాసేపు అది చచ్చిపోయిందేమోనన్న అనుమానం వస్తుంది.

ఆ తర్వాత దానికి చేయాల్సిన సేవ ఏమీ లేదు. హార్డ్ డిస్కులకు చేసే డీఫ్రాగ్, అంటే చెల్లాచెదురైన ముక్కల్ని ఒకచోటికి సర్దడం, దీనికి అక్కర్లేదు. ముక్క ఎక్కడున్నా ఒకటే సమయం కదా. విండోస్ తనంతట తానే చేయాల్సింది చేసుకుంటుంది. ఎన్‌వీఎంఈ ఉన్నవాళ్లు ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి పెద్ద పనులు చేయకండి, బాగా వేడెక్కితే డ్రైవ్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బ్యాటరీ రెట్టింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కరెంటు ఎక్కువగా తాగేది తెర, ప్రాసెసర్. డ్రైవ్ వాటా కొంచెమే.

ఒక్క విషయంలో మాత్రం పాత డిస్క్ మేలు. అది పోయే ముందు చాలాసార్లు గీరుకుంటుంది, టకటకమంటుంది, మనకో హెచ్చరిక ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు నిన్నటిదాకా బాగుండి ఈ పొద్దున కనపడకుండా పోతుంది. పొరపాటున చెరిపేసిన ఫైలు కూడా దాంట్లోంచి తిరిగి రావడం కష్టం, ఖాళీ అయిన చోటును అది వెంటనే తుడిచేసుకుంటుంది. అందుకే తీసేసిన హార్డ్ డిస్క్‌ను పారేయకండి. దానికి యూఎస్‌బీ కేసు ఒకటి కొని తొడగండి, నెమ్మదైనా నిల్వకు అది పనికొస్తుంది. మొదటి రోజు రాత్రే ఇంటి ఫొటోలన్నీ దాంట్లోకి ఒక కాపీ పెట్టండి. 60 జీబీకి పది నిమిషాలని లెక్క వేసుకున్నాం గానీ, ఫొటోలు వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి అది చీటీ పని. కాపీ మొదలుపెట్టి, వెళ్లి భోజనం చేసి రండి.